మందుల షాపు కన్నా ముందే ల్యాబుకు చేరిన ఎర్ర నాచు

మూత్రంలో మంట ఎన్ని మాత్రలు వేసినా తగ్గడం లేదంటే డాక్టరు కల్చర్ టెస్ట్ రాస్తాడు. రిపోర్టు వెంటనే రాదు, రెండు మూడు రోజులు ఆగమంటారు. ఆ రెండు రోజులూ మనమిచ్చిన శాంపిల్ ఏమవుతుందో ఎవరమూ అడగం. ల్యాబు టెక్నీషియన్ ఓ సన్నని తీగ చివర ఉన్న చిన్న వలయాన్ని శాంపిల్‌లో ముంచుతాడు. అరచేతిలో ఇమిడేంత గుండ్రటి ప్లాస్టిక్ ప్లేటులో గట్టిపడి ఉన్న జెల్లీ మీద దానితో అటూ ఇటూ గీతలు గీస్తాడు. మూత పెట్టి, ప్లేటును బోర్లించి, 37 డిగ్రీల వేడి ఉండే ఇంక్యుబేటర్‌లో పెడతాడు. మర్నాటికి ఆ గీతల వెంట తెల్లగానో, లేత పసుపుగానో చుక్కలు తేలతాయి. ఒక్కో చుక్కా ఒక్క బ్యాక్టీరియా కణం నుంచి పుట్టిన లక్షల సంతానం. అది ఏ సూక్ష్మజీవి, ఏ యాంటీబయాటిక్‌కు చస్తుంది అన్నది ఆ చుక్కల నుంచే తేలుతుంది.

ఆ జెల్లీ పేరు అగర్. సముద్రంలో పెరిగే ఎర్ర నాచును ఉడకబెట్టి తీస్తారు. కిరాణా కొట్లలో చైనా గ్రాస్ పేరుతో దొరికే తెల్లటి పోగులు కూడా ఇదే సరుకు. ఎర్ర నాచులో కేన్సర్‌కు మందుంది, ఎయిడ్స్‌కు మందుంది, కరోనాకు మందుంది అనే వార్తలు ఏడాదికి నాలుగైదు సార్లయినా కనిపిస్తుంటాయి. వాటిలో నిజమెంతో చూసే ముందు ఒక సంగతి చెప్పుకోవాలి. ఇప్పటిదాకా ఎర్ర నాచు వైద్యానికి చేసిన మేలులో ఎక్కువ భాగం రోగి నోట్లో పడే మందుగా జరగలేదు. మందులు కనిపెట్టేవాళ్ల చేతిలో పనిముట్టుగా జరిగింది. ఈ నాచులోంచి మందు తీద్దామని మొదలైన ప్రయత్నాలు కూడా చాలాసార్లు చివరికి ఒక పనిముట్టు దగ్గరే ఆగాయి. అలా ఎందుకు జరిగిందో తెలుసుకుంటే ఆ వార్తలను ఎలా చదవాలో కూడా తెలుస్తుంది.

1880ల మొదట్లో బెర్లిన్‌లో రాబర్ట్ కోక్ ల్యాబులో సూక్ష్మజీవులను విడివిడిగా పెంచడం పెద్ద తలనొప్పిగా ఉండేది. ద్రవంలో పెంచితే అన్నీ కలిసిపోతాయి. జెలటిన్ మీద పెంచితే ఎండాకాలంలో అది కరిగి నీరవుతుంది, పైగా కొన్ని బ్యాక్టీరియాలు దాన్నే తినేస్తాయి. ఆ ల్యాబులో పనిచేస్తున్న వాల్టర్ హెస్సే ఈ బాధ ఇంట్లో చెప్పుకుంటే, భార్య ఫానీ హెస్సే అగర్ వాడి చూడమంది. ఆమె న్యూయార్క్ ప్రాంతంలో పుట్టి పెరిగిన మనిషి. జావాలో ఉండి వచ్చిన ఒక పొరుగింటివాళ్ల దగ్గర అగర్‌తో జెల్లీలు చేయడం నేర్చుకుంది. ఆ జెల్లీలు ఎండలో కూడా కరగవని ఆమెకు వంటింటి అనుభవం. అగర్ గుణం నిజంగా విచిత్రమైంది. కరగాలంటే 85 డిగ్రీలు దాటాలి. ఒకసారి కరిగాక మళ్లీ గడ్డకట్టాలంటే 40 డిగ్రీల కిందికి రావాలి. అంటే మనిషి ఒంటి వేడి దగ్గర గట్టిగానే ఉంటుంది, చాలా బ్యాక్టీరియాలకు దాన్ని తినే శక్తీ లేదు. 1882లో కోక్ క్షయ సూక్ష్మజీవిని ప్రకటించిన వ్యాసంలో అగర్ గురించి ఒక్క వాక్యం ఉంది. ఫానీ పేరు మాత్రం లేదు. అదే ల్యాబులోని పెట్రి 1887లో చేసిన గాజు ప్లేటుకు ఈనాటికీ అతని పేరే ఉంది. ప్లేటుకు పేరు దక్కింది, ప్లేటులోని సరుకు చెప్పిన ఇల్లాలికి దక్కలేదు.

అగర్‌ను ఇంకా శుద్ధి చేస్తే అగరోజ్ వస్తుంది. డీఎన్‌ఏ ముక్కలను సైజుల వారీగా విడదీసే జెల్ అదే. ప్రొటీన్లను శుద్ధి చేసే గొట్టాల్లో నింపే సన్నని పూసలు కూడా చాలావరకు అగరోజ్‌తో చేసినవే. జీవశాస్త్రం ఎమ్మెస్సీ చదివిన వాళ్లెవరికైనా ఆ జెల్ పోసి, దువ్వెన గుచ్చి, గట్టిపడేదాకా ఎదురుచూసిన మధ్యాహ్నాలు గుర్తుండే ఉంటాయి.

ఎర్ర నాచుల్లో ఏడు వేలకు పైగా జాతులున్నాయి. అన్నీ ఎర్రగా ఉండవు. కొన్ని ఊదా, కొన్ని గోధుమ, ఎండ తగిలే చోట పెరిగేవి పసుపుపచ్చకు కూడా తిరుగుతాయి. వాటి ఎరుపు ఫైకోఎరిత్రిన్ అనే ప్రొటీన్ వల్ల వస్తుంది. నీటి లోతుకు పోయేకొద్దీ సూర్యకాంతిలోని ఎరుపు ముందే ఆగిపోయి నీలం, ఆకుపచ్చ మాత్రమే కిందికి దిగుతాయి. ఈ ప్రొటీన్ ఆ కాంతిని పట్టుకుంటుంది. అందుకే బహామాస్ దగ్గర 268 మీటర్ల లోతులో కూడా రాయిని అంటుకుని బతికే ఎర్ర నాచు కనిపించింది. పట్టుకున్న కాంతిని ఈ ప్రొటీన్ నారింజ రంగులో తిరిగి వెలిగిస్తుంది. ఆ వెలుగు చాలా తీక్షణం. 1982లో దీన్ని యాంటీబాడీలకు తగిలించి కణాలను గుర్తుపట్టే పద్ధతి వచ్చింది. లేజర్ ముందు నుంచి రక్తకణాలు ఒక్కొక్కటిగా వెళ్తుంటే ఏ కణానికి ఈ రంగు అంటిందో యంత్రం లెక్కపెడుతుంది. హెచ్‌ఐవీ ఉన్నవారికి సీడీ4 కౌంట్, అంటే ఒక రకం రోగనిరోధక కణాల లెక్క, చూసే యంత్రాల్లో వాడిన ముఖ్యమైన రంగుల్లో ఇదొకటి. కౌంట్ ఎంతుందని హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్టీ సెంటర్ల ముందు ఆందోళనగా ఎదురుచూసిన వాళ్లలో ఎందరో, తెలియకుండానే, సముద్రపు నాచు రంగు చెప్పిన లెక్క మీద ఆధారపడ్డారు.

ఇక మందుల సంగతికి వద్దాం. నాచులో ఇన్ని రసాయనాలు ఎందుకుంటాయి? అది కదల్లేదు. చేప కొరికినా, బూజు పట్టినా, బ్యాక్టీరియా జిగటగా పేరుకున్నా పారిపోయే దారి లేదు. చర్మం మీద పోరాడే రోగనిరోధక కణాలూ దానికి లేవు. ఉన్నదల్లా రసాయనమే. సముద్రపు నీటిలో క్లోరిన్, బ్రోమిన్ సమృద్ధిగా ఉంటాయి గనక ఎర్ర నాచులు వాటిని తమ అణువుల్లో తగిలించుకుంటాయి. నేల మీది మొక్కల్లో ఇది చాలా అరుదు.

ఫిజీ దీవుల్లో కాలోఫైకస్ సెరాటస్ అనే ఎర్ర నాచు ఉంది. అమెరికాలోని జార్జియా టెక్‌లో జూలియా క్యుబానెక్ బృందం 2005లో దానిలోంచి బ్రోమోఫైకోలైడ్లు అనే అణువులను వేరుచేసింది. అవి నాచు ఒంట్లో ఎక్కడుంటాయన్నదే ఆసక్తికరమైన విషయం. నాచు ముక్కను కరిగించకుండా, దాని పైపొర మీదే సన్నని ద్రవధారను చిమ్మి ఎగిరిన తుంపరలను మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి లాగి చూశారు. పైపొర అంతటా సమానంగా లేవు. అక్కడక్కడా మచ్చలు మచ్చలుగా ఉన్నాయి. ఆ మచ్చల్లో ఉన్న మోతాదు నాచుకు పట్టే ఒక సముద్రపు బూజును ఆపడానికి సరిపోతుంది. ఒంటికి గాయమైన చోట, బూజు జొరబడే చోట మందు పెట్టుకున్నట్టుందని ఆ పరిశోధకుల ఊహ. ఇవే అణువులు మలేరియా పరాన్నజీవిని కూడా చంపుతాయని తర్వాత తేలింది. ఆ పరాన్నజీవి మన ఎర్ర రక్తకణంలో చేరి హిమోగ్లోబిన్‌ను తింటుంది. మిగిలే హీమ్ దానికి విషం గనక గట్టి పలుకులుగా మార్చి పక్కన పడేస్తుంది. బ్రోమోఫైకోలైడ్ ఆ పలుకులు కట్టనివ్వదు. క్లోరోక్విన్ చేసేదీ ఇదే పని. నాచుకు మలేరియాతో ఏ శత్రుత్వమూ లేదు. బూజు కోసం తయారుచేసుకున్న ఆయుధం మనకు మరోచోట పనికొచ్చింది, అంతే. ఇది ఇంకా ఆసుపత్రి గడప తొక్కలేదు.

సిడ్నీ తీరంలో డెలీసియా పుల్క్రా అనే మరో నాచు ఉంది. పక్కనున్న రాళ్ల మీద, ఇతర నాచుల మీద బ్యాక్టీరియా పొర పేరుకుంటే దీని ఆకులు మాత్రం శుభ్రంగా ఉంటాయి. న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం వాళ్లు కారణం వెతికితే బ్రోమిన్ తగిలించిన ఫ్యూరనోన్లు దొరికాయి. ఇవి బ్యాక్టీరియాను చంపవు. బ్యాక్టీరియాలు గుంపుగా పెరిగాక ఒకదానికొకటి రసాయన సంకేతాలు పంపుకొని, తగినంత మందిమి అయ్యాం, ఇక పొర కట్టుకుందాం అని నిర్ణయించుకుంటాయి. ఫ్యూరనోన్లు ఆ సంకేతాన్ని చెవిన పడనివ్వవు. యాంటీబయాటిక్‌లకు బ్యాక్టీరియాలు అలవాటుపడిపోతున్న కాలంలో చంపకుండా కట్టడి చేసే ఈ పద్ధతి మీద 1990లలో చాలా ఆశలు పెట్టుకున్నారు. తీరా చూస్తే ఫ్యూరనోన్లు మన కణాలకూ హాని చేస్తాయి. ఒంటిలోకి ఇచ్చే మందుగా కాకపోయినా, వైద్య పరికరాల మీద పూతగా పనికొస్తాయేమో చూశారు. మందు కాలేదు గానీ వాటివల్ల బ్యాక్టీరియాల మాటామంతీ అనే కొత్త శాస్త్రానికి ఊపొచ్చింది. మళ్లీ పనిముట్టే.

అన్నిటికన్నా ఎక్కువ దూరం నడిచింది కారజీనన్. ఐర్లాండ్ తీరంలో కాండ్రస్ క్రిస్పస్ అనే ముదురు ఎరుపు నాచును ఏరి, ఎండబెట్టి, పాలలో మరిగించి దగ్గుకు తాగించేవారు. పాలను చిక్కబరిచే ఆ పదార్థమే కారజీనన్. ఇప్పుడు మనం తినే ఐస్‌క్రీంలో, చాక్లెట్ పాలల్లో, టూత్‌పేస్టులో ఉంటుంది. గాలక్టోజ్ చక్కెర అణువులు గొలుసులుగా అల్లుకుని, ఆ గొలుసుల పొడుగునా సల్ఫేట్ గుంపులు వేలాడుతుంటాయి. ప్రతి రెండు చక్కెరలకు ఒక సల్ఫేట్ ఉంటే కప్పా రకం, రెండుంటే అయోటా, మూడుంటే లామ్డా. కప్పా గట్టి జెల్లీ అవుతుంది, అయోటా మెత్తటి జెల్లీ, లామ్డా అసలు గడ్డకట్టదు.

సల్ఫేట్‌కు రుణావేశం ఉంటుంది. వైరస్‌ల కథలో అదే కీలకం. మన కణాల ఉపరితలం మీద హెపరాన్ సల్ఫేట్ అనే దాదాపు ఇలాంటి గొలుసులే ఉంటాయి. హెర్పిస్, హెచ్‌పీవీ, జలుబు, ఫ్లూ వైరస్‌ల వంటివెన్నో ముందు ఈ రుణావేశ గొలుసులనో, అలాంటి వాటినో పట్టుకుని తర్వాతే కణంలోకి దూరతాయి. మధ్యలో కారజీనన్ ఉంటే జిగురు కాగితానికి ఈగలు అంటుకున్నట్టు వైరస్ దానికే అంటుకుపోతుంది. ఈ మాట కొత్తది కాదు. 1958లోనే ఒక ఎర్ర నాచు సారం కోడిగుడ్లలోని పిండాలను ఇన్‌ఫ్లుయెంజా బి, గవదబిళ్లల వైరస్‌ల నుంచి కాపాడిందని అమెరికాలో ప్రచురించారు. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

పట్టించుకునే రోజు ఎయిడ్స్‌తో వచ్చింది. భర్తను కండోమ్ వాడమని అడగలేని ఆడవాళ్లకు వాళ్ల చేతిలోనే ఉండే రక్షణ కావాలని పాపులేషన్ కౌన్సిల్ అనే సంస్థ కారజీనన్‌తో కారగార్డ్ అనే జెల్ చేసింది. ల్యాబులో బాగుంది, జంతువుల్లో బాగుంది, హాని లేదు. 2004 నుంచి 2007 దాకా దక్షిణాఫ్రికాలో 6,202 మంది స్త్రీల మీద పరీక్షించారు. సగం మందికి కారగార్డ్, సగం మందికి చూడ్డానికి అలాగే ఉండే మందులేని జెల్. చివరికి కారగార్డ్ వాడిన వాళ్లలో 134 మందికి హెచ్‌ఐవీ సోకింది, మందులేని జెల్ వాడిన వాళ్లలో 151 మందికి. ఆ పదిహేడు మంది తేడా యాదృచ్ఛికంగా వచ్చిపడేంత చిన్నది. ఫలితం లేదని తేల్చేశారు. ఇంకో విషయం కూడా బయటపడింది. లైంగిక సంబంధం జరిగిన సందర్భాల్లో జెల్ వాడింది సుమారు 42 శాతమే. మందు పని చేయలేదా, వాడలేదా అన్నది ఆ లెక్కలతో పూర్తిగా విడదీయలేం. నా దృష్టిలో ఈ పరీక్ష ఎర్ర నాచు చరిత్రలో అన్నిటికన్నా విలువైన అధ్యాయం. ఓడిపోయిన మందును దాచకుండా అంకెలతో సహా లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చువేశారు. నాచు సారం హెచ్‌ఐవీని అడ్డుకుంటుందని ఈరోజుకీ వచ్చే వార్తల్లో ఈ అంకెలు కనిపించవు.

కారజీనన్ కథ అక్కడితో ఆగలేదు. 2006లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో హెచ్‌పీవీ మీద పనిచేసేవాళ్లు, ఆ వైరస్‌ను కారజీనన్, హెపరాన్ సల్ఫేట్‌కు దగ్గరి చుట్టమైన హెపరిన్ కన్నా వెయ్యి రెట్లు బలంగా ఆపుతోందని చూశారు. గర్భాశయ ముఖద్వార కేన్సర్‌కు మూలం ఆ వైరసే. తర్వాత మాంట్రియల్‌లో యువతుల మీద జరిపిన పరీక్షలో కారజీనన్ జెల్ వాడినవాళ్లకు హెచ్‌పీవీ సోకే ప్రమాదం మూడోవంతుకు పైగా తగ్గింది. పురుషులతో సంబంధాలున్న పురుషుల్లో అదే జెల్‌ను పరీక్షిస్తే మాత్రం లాభం కనపడలేదు. హెచ్‌పీవీకి మంచి టీకా ఉన్నప్పుడు జెల్ దాని స్థానం తీసుకోదు గానీ, పక్కన ఉండే సాయంగా ఆలోచించదగ్గదే.

ముక్కు సంగతి మరింత ఆశాజనకం. అయోటా కారజీనన్‌తో చేసిన ముక్కు స్ప్రేలు ఐరోపాలో జలుబుకు అమ్ముతారు. ఆస్ట్రియాలో పిల్లల మీద, పెద్దల మీద జరిపిన రెండు పరీక్షలను కలిపి చూస్తే వైరస్ జలుబు దాదాపు రెండు రోజులు ముందే తగ్గింది. కరోనా కాలంలో అర్జెంటీనాలో 394 మంది ఆసుపత్రి సిబ్బందికి 21 రోజులపాటు రోజుకు నాలుగుసార్లు స్ప్రే ఇచ్చారు. మందు ఉన్న స్ప్రే వాడిన వాళ్లలో ఇద్దరికి, ఉప్పునీటి స్ప్రే వాడిన వాళ్లలో పది మందికి కోవిడ్ వచ్చింది. బాగుంది, కానీ పన్నెండు మంది మీద తేల్చిన తీర్పు అది. స్ప్రే పని చేయడానికి బలమైన కారణం ఒకటుంది. కారజీనన్ పెద్ద అణువు, రక్తంలోకి పోదు, ముక్కు లోపలి పొర మీదే కూర్చుంటుంది. జలుబు వైరస్ కూడా అక్కడే దిగుతుంది. మాత్రగా మింగితే ఇదే కారజీనన్ వైరస్ మీద ఏమీ చేయలేదు.

ఈ కారజీనన్‌కే ఇంకో ముఖం ఉంది. ఫార్మసీ చదివిన వాళ్లు ఇప్పటికే నవ్వుకుంటూ ఉంటారు. 1962లో అమెరికాలో వింటర్, రిస్లీ, నస్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఒక శాతం కారజీనన్ ద్రావణాన్ని ఎలుక వెనక కాలి పాదంలో సూదితో ఎక్కించారు. రెండు మూడు గంటల్లో పాదం ఉబ్బింది, ఎర్రబడింది, వేడెక్కింది. ముందుగా ఏదైనా వాపు తగ్గించే మందు ఇచ్చి ఉంటే ఆ వాపు తక్కువగా ఉంటుంది. పాదాన్ని ద్రవం నిండిన గొట్టంలో ముంచి, పైకి లేచిన ద్రవాన్ని కొలిస్తే వాపు ఎంతో తెలుస్తుంది. ఇండోమెథాసిన్ లాంటి నొప్పి మాత్రల తరం ఈ పరీక్ష దాటే వచ్చింది. ఇవాళ మన ఫార్మసీ కాలేజీల్లో తిప్పతీగ నుంచి వావిలాకు దాకా ఏ ఆకు సారానికైనా వాపు తగ్గించే గుణం ఉందో లేదో చూడాలంటే మొదట చేసే పరీక్ష ఇదే. దీనిలో తమాషా ఏమిటంటే, ఫలానా నాచులో వాపు తగ్గించే గుణం ఉందని చెప్పే పరిశోధన పత్రాల్లో కూడా, ముందు ఎలుక కాలికి నాచులోంచి తీసిన కారజీనన్‌తోనే వాపు తెప్పించి ఉంటారు.

సూదితో ఎక్కిస్తే వాపు తెచ్చేది ఐస్‌క్రీంలో తింటే ప్రమాదం కాదా? ఇది న్యాయమైన అనుమానమే. ఆమ్లంతో, వేడితో విరగ్గొట్టి చిన్న ముక్కలు చేసిన కారజీనన్‌ను పొలిజీనన్ అంటారు. అది జంతువుల పేగుల్లో పుండ్లు తెచ్చింది. ఆహారంలో వాడేది పొడుగు గొలుసుల రకం. అంతర్జాతీయ ఆహార భద్రతా నిపుణుల కమిటీ 2014లో పసిపిల్లల ఫార్ములా పాలల్లో కూడా లీటరుకు 1,000 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చంది. పేగు జబ్బులున్నవాళ్ల విషయంలో మాత్రం వాదన నడుస్తూనే ఉంది.

మోతాదు ఎంత మార్చేస్తుందో చెప్పడానికి జపాన్ కథ కన్నా మంచిది లేదు. దక్షిణ జపాన్‌లో డైజీనియా సింప్లెక్స్ అనే ఎర్ర నాచు కషాయం శతాబ్దాలుగా పిల్లల కడుపులో నులిపురుగులకు మందు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బడి పిల్లలందరికీ ఆ కషాయం తాగించిన సందర్భాలున్నాయి. 1953లో దానిలోని అసలు పదార్థాన్ని వేరుచేసి కైనిక్ యాసిడ్ అని పేరుపెట్టారు. పురుగుల నరాలను మొదట రెచ్చగొట్టి, తర్వాత చచ్చుబడేలా చేసి, పేగు గోడను వదిలి బయటికి వచ్చేలా చేస్తుంది. అదే పదార్థాన్ని ఎలుక మెదడులోకి ఎక్కిస్తే మూర్ఛ వస్తుంది, జ్ఞాపకాలు చేరే హిప్పోకాంపస్‌లో నాడీకణాలు చచ్చిపోతాయి. మన మెదడులోని ఒక రకం గ్లుటమేట్ గ్రాహకాలకు కైనేట్ గ్రాహకాలనే పేరు ఈ నాచు మందు వల్లే వచ్చింది. మూర్ఛకు కొత్త మందులు వెతికే ల్యాబుల్లో దశాబ్దాలుగా కైనిక్ యాసిడ్‌తో మూర్ఛ తెప్పించిన ఎలుకల మీదే పరీక్షలు చేస్తున్నారు.

దాని దగ్గరి చుట్టం డోమోయిక్ యాసిడ్. అది కూడా జపాన్‌లో కాండ్రియా అర్మాటా అనే ఎర్ర నాచులోంచి 1958లో దొరికింది, అది కూడా పురుగుల మందే. 20 మిల్లీగ్రాముల దాకా ఇచ్చినా పిల్లలకు ఏమీ కాలేదు. 1987లో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలో పెంచిన ఆల్చిప్పలు తిని వంద మందికి పైగా జబ్బుపడ్డారు, ముగ్గురు చనిపోయారు, బతికిన కొందరికి కొత్త సంగతులు గుర్తుండడం మానేశాయి. ఒక సూక్ష్మ నాచు తయారుచేసిన డోమోయిక్ యాసిడ్ ఆల్చిప్పల్లో పేరుకోవడమే కారణం. రోగులు తిన్నది సుమారు 60 నుంచి 290 మిల్లీగ్రాములని అంచనా. ఇరవైకి మందు, వందకు విషం.

సోషల్ మీడియాలో సీ మాస్ జెల్ అమ్మేవాళ్లకు ఈ లెక్కలు పట్టవు. దానిలో 92 ఖనిజాలున్నాయని, థైరాయిడ్ నుంచి కీళ్ల నొప్పుల దాకా అన్నీ పోతాయని చెబుతారు. నాచులో అయోడిన్ ఎంతుంటుందో జాతిని బట్టి, తీరాన్ని బట్టి, నెలను బట్టి మారుతుంది. థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లకు ఎక్కువ అయోడిన్ కూడా తక్కువ అయోడిన్ అంత చెరుపే చేస్తుంది. మురికి నీళ్లలో పెరిగిన నాచు ఆర్సెనిక్, సీసం లాంటి వాటిని కూడా పీల్చుకుంటుంది. ఇంట్లో నానబెట్టి, మిక్సీ పట్టి, సీసాలో నింపి అమ్మే జెల్‌లో ఏది ఎంతుందో కొలిచినవాళ్లుండరు. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కీళ్ల నొప్పులు, మధుమేహం, కొలెస్ట్రాల్ వంటి వాటికి సముద్ర నాచు సారాలతో కడల్మిన్ పేరుతో క్యాప్సూళ్లు తయారుచేసింది. వాటిలో ఏ సారం ఎంతుందో కొలిచి నింపుతారు. అయినా అవి పోషకాహార ఉత్పత్తుల కోవలోకే వస్తాయి, డాక్టరు రాసే మందుల కోవలోకి రావు.

మందు ఆగిపోయే మరో చోటు సరుకు. 1992లో అమెరికా జాతీయ కేన్సర్ సంస్థ ఫిలిప్పీన్స్‌లోని బటాన్ దీవి దగ్గర సేకరించిన పోర్టియేరియా అనే ఎర్ర నాచులో హాలోమాన్ అనే అణువును ప్రకటించింది. ల్యాబులోని మెదడు, మూత్రపిండం, పెద్దపేగు కేన్సర్ కణాలను అది ఎంపిక చేసినట్టు చంపింది. ఇంకా కావాలని వెతికితే అదే జాతి నాచు వేరే చోట తెస్తే ఉండదు, ఉన్నా చాలా తక్కువ. ఒకే నాచు జీవితచక్రంలోని వేర్వేరు దశల్లో కూడా రసాయనాలు మారిపోతాయని తర్వాత తెలిసింది. మందుగా ముందుకు తీసుకెళ్లాలన్న పట్టుదల సరుకు కొరతతోనే సడలిపోయింది.

నాచు సేకరణ ఎంత కష్టమో రామనాథపురం తీరంలో చూడొచ్చు. మన్నార్ సింధుశాఖలో ఆడవాళ్లు వేళ్లకు గుడ్డలు చుట్టుకుని, కళ్లకు అద్దాలు పెట్టుకుని, పగడపు రాళ్ల మధ్య మునిగి అగర్ కోసం మరికొళుందు పాసి, కంజి పాసి అని వాళ్లు పిలిచే ఎర్ర నాచులు కోస్తారు. 1986లో ఆ 21 దీవుల ప్రాంతం జాతీయ పార్కు అయ్యాక అటవీ సిబ్బందితో గొడవలు వాళ్లకు మామూలైపోయాయి. కారజీనన్ కోసం కప్పాఫైకస్ అనే విదేశీ ఎర్ర నాచును తెప్పలకు కట్టి పెంచడం ఆ తీరంలో కూడా మొదలైంది. అది తప్పించుకుని కురుసడై దీవి పగడాల మీద పాకిందని 2008లో శాస్త్రవేత్తలు రాశారు. మన తెలుగు తీరం పొడవు తొమ్మిది వందల కిలోమీటర్లు దాటినా నాచులకు పెద్దగా అనుకూలం కాదు. నాచుకు రాయి కావాలి, మనకున్నది ఎక్కువగా గోదావరి, కృష్ణ తెచ్చిన ఒండ్రు, ఇసుక. రాళ్లున్నది విశాఖ, భీమిలి చుట్టూనే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు 1960లలోనే ఆ రాళ్ల మీద ఏ నాచు ఏ ఎత్తులో, ఏ నెలల్లో పెరుగుతుందో శ్రద్ధగా నమోదు చేశారు. జపాన్‌వాళ్లు నోరి చేసుకునే పోర్ఫైరా కుటుంబపు నాచు కూడా విశాఖ రాళ్ల మీద ఉందని వాళ్లు 1963లో కరెంట్ సైన్స్ పత్రికలో రాశారు. కెరటాల దెబ్బ తగిలే రాళ్ల మీద, పోటు పోయాక ముదురు ఊదా రంగు పలచటి రేకుల్లా అంటుకుని కనిపించేది అదే.

సరుకు కొరత నుంచి బయటపడే దారి చూపించింది గ్రిఫిత్సిన్. దాని వెనక కూడా ఒక ఆడమనిషి పేరుంది, ఈసారి మాయం కాలేదు. ఇంగ్లండ్‌లోని టోర్కీ ఊళ్లో అమీలియా గ్రిఫిత్స్ అనే వితంతువు అయిదుగురు పిల్లలను పెంచుకుంటూనే జీవితమంతా సముద్రపు నాచులు ఏరి, ఆరబెట్టి, అతికించి పెద్ద సేకరణ చేసింది. 1817లో స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ అగార్డ్ ఒక ఎర్ర నాచు ప్రజాతికి గ్రిఫిత్సియా అని పేరుపెట్టాడు. న్యూజిలాండ్ దగ్గర సేకరించిన గ్రిఫిత్సియాలోంచి 2005లో అమెరికా జాతీయ కేన్సర్ సంస్థవాళ్లు గ్రిఫిత్సిన్ అనే ప్రొటీన్ తీశారు. చిన్నదే, 121 అమైనో ఆమ్లాలు. రెండేసి కలిసి జంటగా ఉంటాయి, ఆ జంటకు మానోజ్ చక్కెరను పట్టుకునే చోట్లు ఆరుంటాయి. హెచ్‌ఐవీ మన రోగనిరోధక వ్యవస్థ కంటపడకుండా తన మీద మానోజ్ చక్కెరలు దట్టంగా కప్పుకుంటుంది. గ్రిఫిత్సిన్ ఆ ముసుగునే పట్టుకుంటుంది. సార్స్, మెర్స్, కోవిడ్ కరోనాలూ ఇలాంటి చక్కెరలు కప్పుకున్నవే గనక వాటి మీదా పనిచేసింది.

ప్రొటీన్ కావడమే దీని అదృష్టం. హాలోమాన్‌లా మళ్లీ మళ్లీ సముద్రంలో వెతకనక్కర్లేదు. దాని జన్యువును మొక్కలో పెట్టొచ్చు. 2009లో అమెరికాలోని కెంటకీలో పొగాకు మొజాయిక్ వైరస్ సాయంతో ఆ జన్యువును పొగాకు మొక్కల్లోకి పంపి, గ్రీన్‌హౌస్‌లో గ్రాముల కొద్దీ గ్రిఫిత్సిన్ పండించారు. అది మన ప్రకాశం, నెల్లూరు రైతులు వేసే వర్జీనియా పొగాకు కాదు, ఆస్ట్రేలియాకు చెందిన నికోటియానా బెంతామియానా. వైరస్‌లకు సులువుగా లొంగే మొక్క కాబట్టి దాన్ని ఎంచుకున్నారు. తర్వాత పాపులేషన్ కౌన్సిల్ గ్రిఫిత్సిన్‌ను కారజీనన్‌తోనే కలిపి మళ్లీ ఒక జెల్ చేసింది. కొద్దిమంది స్త్రీల మీద జరిపిన తొలి పరీక్షలో హాని కనిపించలేదు, రక్తంలోకి చేరలేదు. అమైనో ఆమ్లాల వరుసలో 78వ స్థానంలోని మెథియోనిన్ గాలి తగిలితే పాడవుతోందని గమనించి, అక్కడ గ్లుటమిన్ పెట్టి నిలవ ఉండే రకం తయారుచేశారు. లూయివిల్ విశ్వవిద్యాలయంలో కెనెత్ పామర్ బృందం దాన్ని ముక్కు స్ప్రేగా తొలి దశ పరీక్షలకు తెచ్చింది.

తొలి దశలో చూసేది హాని ఉందా లేదా అన్నంతవరకే. పనిచేస్తుందా అన్నది తేలాలంటే కారగార్డ్‌కు జరిగినట్టు వేలమందితో, సగం మందికి ఉత్త స్ప్రే ఇచ్చి, ఎవరు ఎన్నిసార్లు వాడారో కూడా లెక్కరాసి చేసే పరీక్ష కావాలి. అప్పుడు మందు వాడినవాళ్లలో ఎంతమందికి సోకింది, ఉత్త స్ప్రే వాడినవాళ్లలో ఎంతమందికి సోకింది అన్న రెండు అంకెలు బయటికొస్తాయి. గ్రిఫిత్సిన్ గురించి ఈసారి వార్త వచ్చినప్పుడు నేను ముందు వెతికేది ఆ రెండు అంకెల కోసమే.